ముందు సీటులో పద్మకుమారి గారు

1987 జూన్ 15, సోమవారం ఉదయం శ్రీమతి పద్మకుమారి గారు మన కిరాణా సరుకుల పంపిణీ సంస్థ విజయనగరం కార్యాలయంలో గుమాస్తాగా చేరారు. 2019 మే 31న రవాణా విభాగం అధికారిణిగా పదవీ విరమణ చేస్తున్నారు.

మొదట బిల్లులు రాశారు. తరువాత నెల్లిమర్ల గోదాము బాధ్యత చూశారు. 2008లో రవాణా విభాగానికి వచ్చారు. ఏ బండి ఎంత డీజిలు తాగుతుందో, ఏ డ్రైవరు పిల్లలు ఏం చదువుతున్నారో రెండూ ఆమెకు తెలుసు.

2018 వేసవిలో సంస్థ కొత్తవలస రూటులో ఒక విద్యుత్ వ్యానును పరీక్షకు పెట్టింది. ఆ రూటు డ్రైవరు సింహాచలం నడిపిన పాత డీజిల్ బండిని అప్పటికే అమ్మేశారు. కొత్త బండి నడిపే ఖర్చు డీజిల్ బండి ఖర్చులో నాలుగో వంతేనని తయారీదారులు చెప్పారు. కానీ అది తరచూ ఛార్జింగ్ అయిపోయి దారిలో ఆగిపోయేది. లాక్కురావడానికి ఒక డీజిల్ బండి వెళ్లేది. పద్మకుమారి గారు ఆ ఖర్చును కూడా కలిపే చూపించారు. విద్యుత్ బండికే ఎక్కువ అవుతోందని తేలింది. నెలాఖరులోగా మార్పు రాకపోతే బండిని తిప్పి పంపి, రూటును బయటివారికి కాంట్రాక్టు ఇస్తామని యాజమాన్యం తెలిపింది. అంటే సింహాచలం ఉద్యోగం పోతుంది.

మర్నాడు ఆమె అన్నం క్యారేజీతో వచ్చి బండి ముందు సీటులో కూర్చున్నారు.

"ఏటమ్మా, మీరొస్తారా? ఎండ మండిపోతన్నాది" అన్నారు సింహాచలం.

"నీ బండి ఎక్కడ అలుగుతన్నాదో సూద్దామని. పోనియ్యి."

దిగుడు వచ్చినా, దుకాణం కనబడినా సింహాచలం బండిని న్యూట్రల్‌లో పెట్టడం ఆమె గమనించారు.

"అదేటి సింహాచలం?"

"దిగుడు కదమ్మా. న్యూట్రల్ సేస్తే డీజిలు మిగుల్తాది."

"ఇందులో డీజిలెక్కడున్నాది?"

సింహాచలం బండి పక్కకు ఆపారు. "సెయ్యి ఊరుకోదమ్మా. పాతికేళ్ల అలవాటు" అన్నారు.

మన డ్రైవర్లందరిదీ అదే పద్ధతి. విద్యుత్ బండిని గేరులోనే ఉంచి యాక్సిలరేటరు వదిలితే, చక్రాలు తిరిగే జోరుకు బ్యాటరీ కొంత నిండుతుంది. న్యూట్రల్‌లో నిండదు.

తిరుగు దారంతా, సింహాచలం చెయ్యి గేరు మీదికి వెళ్లినప్పుడల్లా ఆమె "సెయ్యి తియ్యి" అంటూనే ఉన్నారు. ఆ సాయంత్రం బండిని ఎవరూ లాగనక్కర లేకపోయింది. ఆ వారమంతా ఆమె ముందు సీటులోనే తిరిగారు. నెలాఖరుకు ఖర్చు కిలోమీటరుకు రూపాయిన్నర అని తేలింది. డీజిల్ బండ్లకు ఐదున్నర. ఇప్పుడు మన దగ్గర నాలుగు విద్యుత్ వ్యాన్లు ఉన్నాయి. వాటి డ్రైవర్లకు నేర్పింది సింహాచలమే.

పద్మకుమారి గారు తమ మోకాళ్ల నొప్పి మరిచిపోయి, భర్త జగన్నాధం గారితో, కుమార్తె అనితతో ఆరోగ్యంగా చిరకాలం జీవించాలని మా అందరి ఆకాంక్ష.

ఆఖరి రోజు ఆమెను ఇంటికి దింపడానికి కారు మాట్లాడతామన్నాం. వద్దన్నారు. సింహాచలం తన వ్యాను ముందు సీటుకు కొత్త కవరు కుట్టించారు.