కొండను తవ్విన ఎలుక, ఒక పొడి అక్షరం

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిది జూన్ పన్నెండవ తేదీ, సోమవారం ఉదయం మన భూసార పరీక్షా కేంద్రంలో క్షేత్ర సహాయకులుగా చేరి, మనందరి నోటా ‘మట్టి మాస్టారు’గా స్థిరపడిన పెద్దలు, ముప్పై అయిదేళ్ల అవిచ్ఛిన్న సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. చేరిననాడు వారికి అప్పగించినవి ఒక గునపం, ఒక కట్ట గుడ్డసంచులు, కిటికీ తలుపు సరిగా పడని గది. ఆ తలుపు నేటికీ పడదు.

అయిదేళ్లు పల్లపు గడ్డిభూముల్లో అనుభవం గడించాక, వారికి కొండమీది పచ్చిక బయళ్ల పరిశీలన అప్పగించారు. అక్కడ కొండ ఎలుకలు నేలంతా బొరియలు చేసి, లోపలి మట్టిని కుప్పలుగా పైకి నెట్టేవి. పచ్చిక పాడవుతోందనీ, బొరియల్లో పడి పశువుల కాళ్లు విరుగుతున్నాయనీ కాపరుల ఫిర్యాదు. ఎలుకలకు విషం పెట్టాలా వద్దా అన్నది మాస్టారి నివేదిక మీదనే ఆధారపడింది.

మాస్టారు సంచుల మీద గడ్డినేల మట్టికి ‘గ’ అనీ, బొరియ పక్క మట్టికి ‘బొ’ అనీ రాసి పంపారు. ఫలితాల పట్టికలో ‘బొ’ గడులన్నీ ఖాళీగా వచ్చాయి. ఖాళీ అంటే చెప్పుకోదగ్గ సారం లేదని అర్థం చేసుకుని, ఎలుకల వల్ల నేలకు ఒరిగేదేమీ లేదని వారు నివేదిక రాసేశారు. విషం గింజలు గోదాములోకి వచ్చాయి. పెట్టడానికి పది రోజుల గడువుండగా, ఖాళీ సంచుల కోసం ప్రయోగశాల అటక వెతుకుతున్న మాస్టారికి విప్పని సంచులు నలభై రెండు కనిపించాయి. తూకాల దగ్గర పనిచేసే అక్కగారిని పిలిచారు.

“ఇవి ఇక్కడున్నాయేంటక్కా?”

“బొగ్గు కలిసిందని మీరే రాశారుగా సార్. బొగ్గున్న మట్టి పరీక్షకి పనికిరాదు. పక్కన పెట్టేశా.”

“బొ అంటే బొరియక్కా.”

“ఆ మాటేదో పూర్తిగా రాస్తే మీ సొమ్మేం పోయేది?”

అక్కగారు ఆదివారం కూడా వచ్చి ఆ మట్టినంతా పరీక్షించారు. కొత్త కుప్పల్లో సారం తక్కువే. కానీ రెండు మూడేళ్ల పాత కుప్పల్లో, ఎలుకల మలమూత్రాలూ అవి దాచుకున్న గడ్డీ చివికి కలవడం వల్ల, నత్రజని, భాస్వరం చుట్టుపక్కల నేలకంటే ఎక్కువగా తేలాయి. బొరియలు మరీ మితిమీరిన వాలుల్లో మాత్రం నేల బోసిపోతోందని కూడా మాస్టారు దాచకుండా రాశారు.

సమావేశంలో వారు లేచి నిలబడి, “తప్పు నాదండీ. నివేదిక వెనక్కి తీసుకుంటున్నాను,” అన్నారు.

“ఇన్నాళ్లూ తిరిగి, కొండను తవ్వి ఎలుకను పట్టావన్నమాట,” అన్నారు డైరెక్టరుగారు.

“కాదండీ. కొండను తవ్వింది ఎలుకే. నేను ఆ మట్టి చూశాను, అంతే.”

విషం వెనక్కి పోయింది. మాస్టారి పదోన్నతి నాలుగేళ్లు వెనక్కి పోయింది. కాపరుల బాధ నిజమైనదే కనుక, పశువులు నడిచే దారుల్లో బొరియలు పూడ్పించే బాధ్యత వారే తలకెత్తుకుని, పరిశీలకులుగా, అనంతరం విభాగాధిపతిగా ఎదిగాక కూడా ఏటేటా స్వయంగా కొండెక్కి చూసి వచ్చారు.

నాటి నుండి వారు పొడి అక్షరాల జోలికి పోలేదు. సెలవు చీటీలో సైతం ‘తేది’ని ‘తే’ అని రాసిన పాపాన పోలేదు. “వంటింటి డబ్బాల మీద కూడా ‘దంచిన జీలకర్ర పొడి’ అని రాస్తారు. మూత మీద పట్టక పక్కకి పాకుతుంది,” అని వారి సతీమణి మొన్న మాతో అన్నారు.

కనుక మా ఆకాంక్షను సైతం ఒక్క అక్షరం మిగల్చకుండా రాస్తున్నాము: మాస్టారు సంపూర్ణ ఆరోగ్యంతో, మోకాళ్లలో సత్తువతో, మనశ్శాంతితో, సకుటుంబంగా నిండు నూరేళ్లు జీవించాలి, ఏడాదికొకసారైనా ఆ కొండెక్కాలి. ఎలుకలు ఇంకా అక్కడే ఉన్నాయి.