అమ్మవారు పోసిన మామిడిచెట్టు

"జేజీ, ఈ మామిడాకుల మీద బుడిపెలేంది?"

అవా? పురుగుల ఇండ్లు గదమ్మీ. దోమ కన్నా సన్న ఈగ ఒకటుంటాది, కంటికి ఆనదు. లేతాకులో గుడ్డు పెట్టి పోతాది. ఇంగ ఆకే ఉబ్బి దాని పిల్లకు ఇల్లవుతాది. తిండీ దాంట్లోనే. ఒక ఇటుకరాయి మోసిందా, మేస్త్రీని బతిమాలిందా? ఏం తెలివప్పా దానిది! ఇదంతా మొన్నమొన్న తోటల ఆఫీసరు చెప్తే తెలిసింది. అప్పట్లో మాకేం తెలుసు?

నేను మైదుకూరు కాడికి కాపరానికొచ్చిన కొత్తల్లో... కాదులే, మీ నాయన కడుపులో ఉన్నప్పుడు, ఈ చెట్టుకు ఆకాకునా ఇట్లనే లేసినాయి. మా అత్త చూసి అమ్మవారు పోసిందనె. చెట్టుకు యాడన్నా పోస్తాదా? నాకు నవ్వాగలా. ఆమె మాత్రం మానుకు వేపరొట్ట కట్టె, పసుపునీళ్లు చల్లె, ఇంట్లో తాలింపు మాన్పిచ్చె. ఆ సప్పిడి పప్పు, సంగటి తినలేక, కడుపుతో ఉండేదాన్ని గదా, శానా కోపమొచ్చేది. మీ తాతకు నాకంటే కోపం. తిక్క లేస్తే ఆగే మనిషి కాదు, తెల్సు గదా. పక్క చెట్లకు అంటుకుంటాదని గొడ్డలి తెచ్చినాడు.

మా అత్త పోయి చెట్టును వాటేసుకునె. "మా పెద్దోనికి పోసినప్పుడు గూడా ఇంగ లాభం లేదన్నారు. వాళ్ల మాటలు విని ఆశ ఇడిస్తి. దీన్ని ఇడవను" అనె.

అప్పుడు తెలిసె నాకు. మీ తాత కంటే ముందు మా అత్తకు ఇంగొక కొడుకుండె. నడక నేర్చే వయసులో అమ్మవారొచ్చి పోయినాడంట. ఆమె ఎప్పుడూ ఆ మాటెత్తలా. మీ తాత గొడ్డలి ఆడనే పడేసి ఇంట్లోకి పోయినాడు. ఆ పొద్దు నుంచి నేనే నీళ్లు తోడిస్తి ఆమెకు.

వానలు పడినాక చిగురొచ్చె, ఎర్రగా, నున్నగా, ఒక్క బుడిపె లే. అమ్మవారు దిగినాక బిడ్డకు వేపాకేసిన నీళ్లు ఎండకు పెట్టి తలకు పోస్తారు గదా? మా అత్త అట్లనే కడవతో పోసె. "వానికి పోసే భాగ్యం లేకపాయె" అని ఏడిసె. నేనూ ఏడిస్తి. ఎంత మనిషమ్మీ ఆమె! అందుకే ఆ ఈగను తిట్టబుద్ధి కాదు నాకు.

మీ నాయన పుట్టినాక గడప దాటిచ్చిన పొద్దు, గుడికి గాదు, ముందు ఈడికే ఎత్తుకొచ్చె ఆమె. ఆ పసిచేతులు రెండూ కలిపి పట్టి, "మీ పెద్దనాయన, దండం పెట్టుకో" అనె.

నువ్వూ పెట్టుకో తల్లీ. నూరేండ్లు సల్లగా ఉంటావు.