ఏప్రిల్ నెల ఫోటో

1993 జూన్. దేవరకొండ దగ్గర అడవిశాఖ ఆఫీసు. పటాలు గీసే నర్సింహ బల్ల ముందు, చేతిలో మెమోతో ఫారెస్టు గార్డు లతీఫ్.

"చెట్లు ఎవరు నరికిండ్రని నన్నడుగుతున్నవా సారూ? నరికితే గద చెప్పెతందుకు!"

"ఒర్రకు లతీఫ్ భాయ్. అడిగింది నేను గాదు, పటం. ఇగో, ఇది నీ గుట్ట. శాటిలైట్ పైకెంచి తీసిన ఫోటో. చెట్టున్న కాడ ఎర్రగ పడ్తది. నీ గుట్ట చూడు, బూడిద పోసినట్టున్నది. మున్నూరు ఎకరాలు సాఫ్."

"చెట్టుంటే ఎర్రగ పడుడేంది?"

"దాని తీరే గంత. పచ్చటి ఆకు ఎర్రగ కనవడ్తది. నన్నడగకు, గా మిషన్ నేను చెయ్యలే."

"ఎప్పుడు తీసిండ్రు?"

"ఏప్రిల్ల."

"ఏప్రిల్లనా?"

"ఏప్రిల్లనే."

"ఏప్రిల్ల నా గుట్ట మీద ఆకుంటదా సారూ! టేకు, మద్ది, మోదుగు... శివరాత్రి దాటంగనే అన్ని రాల్చుకుంటయి. మోడు తీరు నిలవడ్తయి. చచ్చినట్టా? మిరుగు కార్తె వాన పడంగనే మల్ల చిగురు పెడ్తయి. ఇగో, పొద్దుగాల తెంపుకొచ్చిన. టేకు చిగురు. చూడు!"

"పటం మీద పెట్టకు! తడున్నది!"

"దీని మీదనే పెడ్త."

"తియ్యి లతీఫ్ భాయ్, తియ్యి. హైదరాబాదుకు పోయే పటం. మరక పడితే నన్ను తిడ్తరు."

"గుట్ట మొత్తం తుడిచిపెడితే తిట్టరు గని, మరక పడితే తిడ్తరా? మంచిగున్నది. మరి గీడ నెత్తురు పోసినట్టు ఎర్రగున్నదేంది?"

"అదా... అది పక్క గుట్ట, గార్డు మైసయ్య చూసే జాగా."

"మైసయ్యదా! అండ్ల టేకు మానులన్ని లారీలెక్కి పోయి మూడేండ్లాయె. దేవరకొండల చిన్న పోరగాన్ని అడిగినా చెప్తడు."

"ఫోటోల గట్ల లేదు."

"ఎందుకుంటది? ఇప్పుడు ఆడున్నది సర్కార్ తుమ్మ, ఉత్త ముండ్లకంప. ఎండకాలం గూడ పచ్చగుంటది. మేక గూడ దాని ఆకు ముట్టదు. నువ్వేమని రాసినవు?"

"దట్టమైన అడవి అని."

"సర్కార్ తుమ్మ దట్టమైన అడవి!"

"మైసయ్యకు పంద్రాగస్టు నాడు శాలువ కప్పుతరట."

"చాలు సారూ, చెప్పకు. అడవిని అమ్ముకున్నోనికి శాలువ, కాసినోనికి మెమో. నడువు, ఇప్పుడే గుట్టకు పోదం. ఒక్కొక్క చెట్టు ముట్టి చూపెడ్త."

"జీపుల డీజిల్ లేదు."

"నా సైకిల్ ఉన్నది. ఎనక కూసో, నేను తొక్కుత."

"ఎండ..."

"ఏడున్నది ఎండ? మబ్బు పట్టింది బయట."

"నా మోకాలు బాగలేదు లతీఫ్ భాయ్."

"నిన్న బస్సెనక ఉరికి ఎక్కంగ చూసిన నీ మోకాలు! సారూ, ట్రైనింగుల మాకేం చెప్పిండ్రు? ఫోటో రాంగనే పటం గీసేటాయన, గార్డు ఇద్దరు జతగ తిరగాలె. ఫోటోల ఉన్నది నేల మీద ఉన్నదా లేదా చూడాలె. చూసినమని ఇద్దరు సంతకం పెట్టాలె. చెప్పిండ్రా లేదా?"

"చెప్పిండ్రు."

"మరి?"

"చెప్పిండ్రంటున్న గద."

"నా మొకం చూసి చెప్పు. గుట్ట మీద చెట్లున్నయని నీకు తెల్వదా?"

"తెలుసు."

"తెలుసా?"

"మెల్లగ మాట్లాడు. పోయిన అక్టోబర్ల తీసిన ఫోటో గూడ వచ్చింది. అండ్ల నీ గుట్ట ఎర్రగ ముచ్చటగ ఉన్నది. అది బీరువల పెట్టి తాళమెయ్యిమన్నరు. ఏప్రిల్‌ది పట్టుకొని గియ్యిమన్నరు."

"ఎవరన్నరు?"

"పైనోళ్లు."

"పైన అంటే? శాటిలైట్ల కూసున్నోళ్లా?"

"పరాచికాలొద్దు. నీ గుట్టల నల్లరాయి ఉన్నదట. గ్రానైట్. బోడి గుట్టయితే క్వారీకిచ్చుడు అల్కగైతది."

"బోడిగ లేదు గద!"

"పటంల బోడిగనే ఉన్నది. పటం హైదరాబాదుకు పోయినంక ఎవరొచ్చి నరికినా కేసుండదు. లేని చెట్టును నరికిండ్రని ఎవల మీద పెడ్తవు?"

"యా అల్లా! పద్దెనిమిదేండ్లు సారూ. మా జాహేదా పుట్టిన నాడు గూడ ఇంట్ల లేను, గుట్ట మీద మంటలార్పుతున్న. గా టేకు మొక్కలు నా మోకాళ్లకు రాంగ చూసిన, ఇప్పుడు తలెత్తి చూస్తున్న. నా పిల్లల కన్న ఎక్కువ చూసుకున్న వాటిని. మీరేమో ఏసీ రూముల కూసొని చెట్టుకు ఆకు లేదని చచ్చిందని రాస్తిరి. అసహ్యమైతాంది మీ బతుకులు చూస్తే!"

"అను. నేను గూడ అనుకుంటున్న."

"అనుకుంటనే గీస్తవా?"

"ముగ్గురు పిల్లలు నాకు."

"సరే, పంపు. ఎట్ల పంపుతవో నేను గూడ చూస్త. నా సంతకం లేకుంట ఈ పటం పోదు. చచ్చినా పెట్ట."

"లతీఫ్ భాయ్..."

"నౌకరి తీస్తరా? తియ్యిమను. హుజూర్‌నగర్ల మా తమ్ముడు చోటే మియాకు సైకిల్ దుకాణమున్నది. పంచర్లేసుకోని బతుకుత. సంతకం మాత్రం పెట్ట."

"జర ఇను."

"ఇన! పెట్టనంటే పెట్ట!"

"పెట్టుమని నేనడిగిన్నా? ఈ కాగితం సదువు."

"ఏంది ఇది?"

"సదువు ముందుగాల."

"'గార్డుతో కలిసి గుట్ట అంతయు తిరిగి చూసితిమి. చెట్లు లేవు.' అబద్ధం! ఎవడు తిరిగిండు? కింద ఎవని... ఇది... ఇది నా సంతకం."

"నీదే."

"నేను పెట్టలే!"

"పెట్టినవు. నెలనెల ఆఫీసుకొచ్చినప్పుడల్ల ఖాళీ తనిఖీ కాగితాల మీద పది సంతకాలు పెట్టిచ్చి పోతవు గద, మాటిమాటికి పాతిక మైళ్లు సైకిల్ తొక్కుడెందుకని."

"అందరు పెడ్తరు!"

"అందరియి ఉన్నయి బీరువల. నీది గీ పనికొచ్చింది."

"థూ!"

"ఉమ్ముతవా? ఉమ్ము. నా మొకానికి గదే తక్కువైంది."

"నీ మొకం మీద గాదు సారూ. నా చెయ్యి మీద."