రెండో లైను

ఫిజీలోని లౌటోకాలో తెలుగు సంఘంవాళ్ల ఆదివారపు బడిలో తెలుగు చెప్పే టీచరమ్మ కంప్యూటర్ షాపుకొచ్చింది. పిల్లలకని తొంభైల్లో చేయించిన పాత ఆటను, తెలుగు అక్షరాలు పైనుంచి రాలేదాన్ని, కొత్త మెషీన్‌లోకి ఎక్కించమని వారం కిందట షాపు కుర్రాడికి ఇచ్చిందావిడ. అతను ఎక్కించినదాన్ని తెరిచి చూడగానే ఆవిడకు ఒళ్లు మండిపోయింది.

“ఏబీసీడీలు రాలుతున్నాయేంటి? మా అక్షరాలేవి?”

“కొత్త సిస్టంలో ఫాంటు పాడైపోయింది ఆంటీ. అన్నీ గుండ్రంగా, మెలికలు మెలికలుగా వచ్చేయి. ఆ చెత్తంతా తీసేసి ఇంగ్లీషు పెట్టేను.”

“చెత్తా? అది తెలుగురా! బయట బోర్డు మీద సన్యాసి కంప్యూటర్స్ అని మీ తాత పేరు పెట్టుకున్నావు, సిగ్గులేదూ?”

“ఇంట్లో అమ్మ కూడా ఎక్కువగా హిందీయే మాటాడతాది. తెలుగు రాత నాకేం తెలుసు?”

“తెలీకపోతే ఫోన్ చేసి అడగాలి! సరే, ఆట మొదట్లో, అప్పట్లో గెలిచిన పిల్లల పేర్లుండాలి. అవేవి?”

“ఆ రెండు లైన్లా? అవీ అలాగే మెలికలుగా వచ్చేయి. ముందు వాటినే తుడిచేను.”

“పాత డిస్కులో ఉంటాయిగా?”

“అదీ ఖాళీ చేసేసేను ఆంటీ.”

ఆవిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

“రెండో లైను మీ అమ్మ పేరు. సర్లా. పదేళ్ల పిల్లప్పుడు, ఒక్కో అక్షరం వెతుక్కుని తనే కొట్టుకుంది.”