ఒక్క ఫిర్యాదూ రాలేదు

ప్రోగ్రామింగ్ భాష లైబ్రరీలోంచి పాత కంప్యూటర్ల కోసం రాసిన కోడ్ తీసేయడానికి ఆమె సిద్ధమైంది. ఆ లైబ్రరీని చూసుకునే పెద్దాయన సరేననడమే తరువాయి. ఆమె తొందర ఆయనకు నచ్చలేదు.

“ఎవరూ వాడట్లేదని ఎవరు చెప్పారమ్మా?”

“తీసేస్తామని రెండేళ్ల కిందటే హెచ్చరిక పెట్టాం మాస్టారూ. ఒక్క ఫిర్యాదూ రాలేదు.”

“మా అక్క ల్యాబ్‌లో రక్తపరీక్షలన్నీ దీనిమీదే నడుస్తున్నాయి. ఇది తీసేస్తే ఆగిపోతాయి.”

“మరి ఆవిడ మన వెబ్ పేజీలో ఫిర్యాదెందుకు రాయలేదు? మీరు రాసిన కోడ్ కదా, అక్కగారిని అడ్డం పెట్టుకుంటున్నారేమో!”

“అక్కడున్నది ఆ పాత కంప్యూటరొక్కటే. ఆ ఫిర్యాదుల పేజీ దాంట్లో తెరుచుకుంటుందా?”

“తెరుచుకోకేం?”

“చూశావా?”

ఆమె గది మూలనున్న అలాంటి పాత కంప్యూటర్లోనే పేజీ తెరిచింది. ఎంతసేపు చూసినా తెల్లటి తెరే.

“ఆ పేజీ ఎవరు చేశారు?”

“నేనే, మాస్టారూ.”

“అనుకున్నాను. ముందు దాన్ని బాగుచెయ్యి. రెండేళ్లూ మళ్లీ ఇవాళ్టి నుంచి మొదలు.”