పెండ్లిల ఇనవడ్డ ఏడ్పు

ఎవలా? గా ఫొటోల గిటారు వట్టుకున్నోడా? మా చెల్లె కౌసల్య కొడుకు శివకృష్ణ గాదే. నువ్వప్పుడు చిన్నపిల్లవు, నీకేం యాదికుంటది. పాటలు రాసేటోడు. తెలంగాణ వచ్చిన కొత్తల నల్లగొండల రూము కిరాయికి తీస్కొని, గోడలకు మెత్తలు గొట్టి రికార్డింగు వెట్టిండు. బతుకమ్మ పాటలు, పెండ్లి పాటలు, ఓట్ల పాటలు, వాడే రాసి వాడే తయారు జేసేటోడు. పేరు మాత్రం పాడినోళ్లకు. "ఇగ నా పేరు మీద నేనే ఆల్బం జేస్త పెద్దమ్మా. రాసుడు, పాడుడు, గిటారు, డ్రమ్ములు అన్ని నేనే. రాక్ పాటలు" అన్నడు. రాక్ అంటే ఏందిరా అన్న. "కడుపులున్నది గట్టిగ మొత్తుకునుడు" అన్నడు. "గట్లనైతె మన ఊరి ఆడోళ్లం జేసేది గదేనాయె" అన్న. పడి పడి నవ్విండు.

ఏం జెప్తున్న? ఆ, అంతకుముందు సంగతి జెప్పాలె. మీ తాత ఐలేశం సచ్చిపోయినప్పుడు శవం కాడ కూసోని ఏడ్సిన. మనల ఏడ్సుడంటే ఉత్త కండ్లనీళ్లు గాదు, రాగం దీసి మాటలనాలె. నోటికేదొస్తె అదంటం. "తోడవుట్టిన తమ్ముడు ట్రాక్టరడిగితే డీజిలు లేదనె గదయ్యా, దవాఖాన తొవ్వ నీకు దొరకకపాయె గదయ్యా" అని మీ చిన్నతాత కురుమయ్యను అన్న. ఆయిన ఆన్నే నిలవడ్డడు, శవం కాళ్ల కాడ. డీజిలు నిజంగ ఉండెనో లేకుండెనో నాకిప్పటికి ఎర్కలేదు. శవం కాడి మాట శవంతోనే పోతది బిడ్డా, దాన్ని ఎవలు వట్టుకోరు. మూడొద్దుల నాడు గదే కురుమయ్య నాకు కల్లు వోసిచ్చిండు, "తాగు వదినె, నోరెండింది" అని. మా గొర్లు, ఆయిన గొర్లు ఒక్క దొడ్లనే ఉండె.

ఇగ శివకృష్ణ చెల్లె పెండ్లొచ్చింది. అందరం బువ్వకు కూసున్నం. కురుమయ్య బకీటు వట్టుకొని కూర వడ్డిస్తుండు. వీడు సౌండు బాక్సులల్ల వాని ఆల్బం వెట్టిండు. గిటారు కర్రుకర్రుమంటాంది, డ్రమ్ములు దడదడ, ముసలోళ్లు చెవులు మూసుకున్నరు. ఒక్కపారే అన్ని బందయినయ్. ఎవలో ఆడిమనిషి ఏడుస్తాంది. ఎవలు సచ్చిండ్రో పాపం అని తలకాయ తిప్పి జూసిన. అయ్యో, నా గొంతే! డీజిలు లేదనె గదయ్యా... మల్ల గిటారు. మల్ల డీజిలు లేదనె. పెండ్లి పందిట్ల! బుక్క నోట్లనే ఉన్నది. మింగుడు లేదు, ఉమ్ముడు లేదు. మీ తాత శవం కాడ నా ఏడ్పు ఫోన్ల వట్టిండట, నాకు జెప్పనేలే. కురుమయ్య బకీటు కింద వెట్టి, చేతులన్న కడుక్కోకుంట వోయిండు.

గప్పటి సంది పోరగాండ్లకు గదే పాట. ఆయిన గొర్లు తోలుకపోతుంటే "డీజిలున్నదా తాతా?" అని ఇకిలిచ్చుడు. ఆయిన మా గడప తొక్కుడు బందు వెట్టిండు. దొడ్డి నడుమ తుమ్మకంప అడ్డమేసిండు. నేను నల్లగొండ వోయి "తియ్యరా గా ఏడ్పును, నీకు దండం వెడ్త" అన్న. వాడు తలకాయ దించుకొని "పెద్దమ్మా, మొత్తం ఆల్బంల జనం ఇంటున్నదే గదొక్కటి. నా పాట ఎవ్వలింటలేరే" అన్నడు. అయినా తీస్త అన్నడు. తియ్యకముందే హైవే మీద లారీ తాకింది.

వాని శవం కాడ కౌసల్యకు సోయి లేదు. సోయొచ్చినప్పుడల్ల "అక్కా, నా కొడుకును ఏడువే" అంటది. పెద్దదాన్ని, రాగం నేనే అందుకోవాలె. నోరు దెరిచిన. ఎదురుంగ పోరగాండ్లు ఫోన్లు లేవట్టి నన్నే జూస్తుండ్రు. నోరు మూసిన. కురుమయ్య మందిల నుంచొచ్చిండు. పెండ్లి కాడి సంది నాతోని మాటనే లేదు గాయినకు. తువ్వాల పరిచి, "ఎయ్యుండ్రిరా ఫోన్లు గిండ్ల" అని ఒక్కొక్కటి గుంజుకున్నడు. మూట గట్టి సంకల వెట్టుకొని, "ఇగ ఏడువు వదినె. నన్ను గూడ అను, ఏం గాదు" అన్నడు. మల్ల నోరు దెరిచిన. ఎన్ని మాటలుండె లోపల! నా ఏడ్పు పాటల ఎందుకు వెట్టినవ్ కొడుకా అని, నీ పాట నేనింటుంటి గదరా అని... రాగం రాలే బిడ్డా. ఒక్క ముక్క రాలే. అందరికి పాటలు గట్టినోడు, ఒక్క మాట లేకుంటనే వాని పాడె లేసింది.

ఆ? ఏం లేదు. జర గా కిటికీ మూయి, దుమ్మొస్తాంది.