వరస అక్కర్లేని ప్రోగ్రాం

"పోగూ పోగూ కలిపి పొద్దును నేసిరో,
అంచున సుక్కలు ఆరబోసిరో..."

ఆ పైన ఏముందో గంగులమ్మకు గుర్తు రాలేదు. చిన్నప్పుడు పడుగు సాగదీస్తా వాళ్లమ్మ పాడేది. ధర్మవరంలో చిన్నప్ప టీ అంగడి బల్లమీద కూచుని ఆ ముక్కనే తిప్పి తిప్పి గొణుక్కుంటా ఉండాదామె. మనసు ఒకచోట నిలవడం లేదు. ఇంట్లో మగ్గానికి పడుగెక్కించి కొడుకు ఊరికే కూచున్నాడు. మనవరాలు శైలజ పెండ్లిచీర అది. పెన్‌డ్రైవ్‌లో డిజైను వచ్చి మగ్గానికి తగిలిస్తే గానీ నేత మొదలు కాదు. ఆ డిజైను చేసియ్యాల్సిన చంద్రమోహనేమో ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని ఈడ కోతలు కోస్తున్నాడు.

"ముందు ఎట్లుండేదో తెలుసా చిన్నప్పా? కంప్యూటర్‌కు చీర సంగతి చెప్పాలంటే అంతా ఒకే లైనులో టైపు చేయల్ల. అంచు, బుటా, కొంగు, అదే వరసలో. ఒకటి అటూ ఇటూ అయితే ఎర్రర్ అని మొగాన కొట్టేది. నేను దాన్ని సులువు చేసినా. ఇప్పుడు కొంగు ముందు చెప్పు, అంచు వెనక చెప్పు, దానికి పట్టదు. చెప్పనివి అదే నింపుకుంటాది."

"బాగుందబ్బా," అన్నాడు చిన్నప్ప టీ వడగడతా. గంగులమ్మకూ వింతగానే ఉండాది. కంప్యూటర్ అంత ఒద్దికగా మాట వింటాదా అని.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? హిందూపురం నుంచి ఒక షావుకారు వచ్చి, సగం టైపు చేసి తుమ్మినాడు. మిగిలిన సగం ఆ తుమ్ములోంచే తీసుకునె నా ప్రోగ్రాం. బుటాలు తుంపర చల్లినట్లు పడె. ఆ డిజైను కావాలని ఇప్పుడు బెంగళూరులో జనం జలుబు కోసం తిరుగుతాండారు."

బల్లమీద వాళ్లు నవ్వినారు. గంగులమ్మ కొంగు వేలికి చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది.

"నాయనా, మా చీర..."

"ఆడికే వస్తాండా అవ్వా. రైలోళ్లకు ఈ మాట తెలిసి, మాకూ పెట్టమన్నారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అని కొట్టాల్సింది డ్రైవరు తిరగేసి కొట్టె. నా ప్రోగ్రాముకు వరస లెక్కలేదు గదా. బండి ముందు ధర్మవరం చేరె, పెనుకొండలో ఆగె, ఆఖర్న హిందూపురంలో బయల్దేరె. దిగినోళ్లంతా ఇంటికి పోయి అన్నం తిని, వచ్చి టికెట్ కొనుక్కున్నారు."

"ఎక్కకముందే దిగినారా?" అన్నాడు ఆటో నడిపే రామాంజి.

"అదేం జూసినావు రామాంజీ. హిందూపురం మార్కెట్‌కు పట్టుగూళ్లు ఇంకా రాలేదు, పురుగు ఇంకా ఆకు మేస్తాండాది, ఈడ చీర మడతబెట్టి పెట్టెలో ఉండాది. పురుగు ఆ చీరను చూసి, ఇంక నాతో ఏం పని అని మేత మానేసె."

నేయకుండానే చీర పెట్టెలో ఉంటే ఎంత బాగుండునో అని గంగులమ్మకు ఒక్క రవ్వ అనిపించింది. అంతలోనే, చేతులు ముడుచుకుని కూచున్న కొడుకు కండ్లముందు మెదిలినాడు. లేచి నిలబడింది.

"వరస అక్కర్లేదంటివి గదా నాయనా," అనింది మెల్లగా. "అట్లయితే ముందు మా డిజైను ఇచ్చేయ్. చేసే పని వెనక చేసుకుందువు."

రామాంజి తాగుతున్న టీ ముక్కులోకి పోయి దగ్గినాడు. చిన్నప్ప అటు తిరిగి గ్లాసులు కడగబట్టినాడు. చంద్రమోహన్ లాప్‌టాప్ మూత తెరిచినాడు, మూసినాడు. గంగులమ్మ పక్కకు వచ్చి గొంతు తగ్గించినాడు.

"అవ్వా, రెండంచులూ ఒకటే మాదిరా, కింది అంచు పెద్దదా, నువ్వు చెప్పనే లేదు గదా. అది తెలీకనే ఇంకా మొదలుబెట్టలేదు."